ఇంట్లో పెద్దవాళ్ళ భాషను రికార్డు చేసుకోవడం ఎలా

విశాఖ ద్వారకానగర్‌లో మాది చిన్న రికార్డింగ్ గది. ఆటో మైకు ప్రకటనలు, బట్టల షాపు యాడ్‌లు, ఎన్నికలొస్తే పార్టీ పాటలు, ఇదీ మా పని. ఈమధ్య అరకు, ముంచింగిపుట్టు వైపు నుంచి వచ్చి ఇక్కడ చదువుకునే పిల్లలు కూడా అడుగుతున్నారు. "మా మామ్మ గుతోబ్ మాట్లాడుతుంది. మాకు అర్థమవుతుంది గానీ తిరిగి చెప్పలేం. రికార్డు చేసి పెడతారా అన్నా?" అని. గుతోబ్ అంటే మన్యంలో గదబల్లో కొందరు మాట్లాడే భాష. పెద్దావిడని మెట్లెక్కించి, అద్దాల గదిలో కూర్చోబెట్టి మాట్లాడమంటే రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటుంది. ఇంట్లో మీరే చేసుకుంటే మంచిది. ఫోను, ఒక కాలర్ మైకు, కాస్త ఓపిక ఉంటే చాలు.

ముందు గుతోబ్‌కి దూరపు చుట్టమైన చోంగ్ అనే భాష సంగతి చెప్పాలి. థాయ్‌లాండ్ తూర్పు కొసన, చంతబురి ప్రాంతంలో, కాంబోడియా సరిహద్దుకు దగ్గర్లో మాట్లాడతారు. అక్కడ ఆ భాష బాగా వచ్చినవాళ్ళు వందల్లోనే మిగిలారు, అదీ ఎక్కువగా పెద్ద వయసువాళ్ళు. పిల్లలు థాయ్‌లోకి వెళ్ళిపోయారు. గుతోబ్, సవర, చోంగ్ మూడూ ఆస్ట్రో ఏషియాటిక్ కుటుంబానివే. అంటే మన మన్యంలో పక్క పక్క ఊళ్ళలో వినిపించే కువి, కొండ అనే భాషలు తెలుగుకి చుట్టాలైతే, గుతోబ్ చుట్టాల్లో కొందరు ఎక్కడో థాయ్‌లాండ్ అడవుల్లో ఉన్నారన్నమాట.

సౌండు పని చేసేవాడిగా చోంగ్‌లో నన్ను పట్టేసిన విషయం ఒకటుంది. అందులో గొంతు తీరు మారితే అర్థం మారిపోతుంది. మామూలు గొంతు ఒకటి, గాలి కలిసినది ఒకటి, బిగబట్టి గరగరలాడించేది ఒకటి, గాలితో మొదలై గరగరతో ముగిసేది ఇంకొకటి. హల్లులు, అచ్చులు అవే ఉన్నా గొంతు తీరు వేరైతే అది వేరే మాటే. గుతోబ్‌లో ఈ నాలుగు తీర్లు లేవు గానీ, మాట మధ్యలో గొంతు దగ్గర గాలిని చటుక్కున ఆపి వదిలే శబ్దం ఉంది. తెలుగులో దానికి అక్షరం లేదు.

ఇలాంటివాటిని ఫోను మింగేస్తుంది. కాల్ మాట్లాడేటప్పుడు చుట్టుపక్కల గోల తగ్గించే ఏర్పాటు ఫోన్‌లో ఉంటుంది కదా, దానికి గాలి కలిసిన గొంతుకీ ఫ్యాన్ గాలికీ తేడా తెలీదు. అందుకని వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో రికార్డు చెయ్యకండి. నాయిస్ తగ్గించే ఆప్షన్ ఆపేయగలిగే రికార్డర్ యాప్ వేసుకుని, ఫైలు రకం డబ్ల్యూఏవీ, 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో అని పెట్టండి. గంటకి సుమారు 350 ఎంబీ పడుతుంది. పట్టనివ్వండి.

కాలర్ మైకుని నోటికి జానెడు కింద, కాస్త పక్కకి పెట్టండి. ఎదురుగా పెడితే ప, బ పలికినప్పుడల్లా ఊపిరి వచ్చి కొడుతుంది. పూసల దండలుంటే వాటికి తగలకుండా చూడండి. లెవెల్ మీటరు ఉంటే గట్టిగా మాట్లాడినప్పుడు కూడా మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగాలి.

ఇక విశాఖలో అసలు శత్రువు ఉక్కపోత. ఫ్యాన్ ఆపితే మనిషి ఉండలేడు, ఆపకపోతే రికార్డింగ్ ఉండదు. చలికాలం తెల్లవారుజామున, పక్కింటి మిక్సీ మొదలవకముందు పెట్టుకోండి. పరుపు, బట్టలు ఉన్న పడకగది మేలు. డాబా మీద, బీచ్‌లో బాగుంటుందని అనుకోకండి, సముద్రపు గాలి నేరుగా మైకులో దూరుతుంది. ఫ్రిజ్ కూడా ఆపండి. ఆపినప్పుడు బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టండి, మళ్ళీ ఆన్ చెయ్యకుండా గడప దాటలేరు.

రికార్డింగ్ మొదలయ్యాక మొదటి మాట అనుమతి. ఎందుకు చేస్తున్నారో, ఎవరు వింటారో చెప్పి, ఆవిడ ఒప్పుకున్నట్టు ఆవిడ భాషలోనే చెప్పించండి. పూజలకి సంబంధించిన పాటలు బయటివాళ్ళు వినకూడదంటే వాటిని విడిగా ఉంచండి. నెట్‌లో పెట్టేయాలని తొందరపడేవాళ్ళంటే నాకు చిరాకు.

ఏం అడగాలి? చాలామంది "కన్నుని ఏమంటారు, నీళ్ళని ఏమంటారు" అని మొదలుపెడతారు. పది మాటలయ్యేసరికి పెద్దావిడకి వైవా పరీక్షలా ఉంటుంది. అదే భాష మాట్లాడే చెల్లెలినో, వియ్యపురాలినో కూడా కూర్చోబెట్టి, మీరు నోరు మూసుకోండి. చోళ్ళు ఎలా చల్లేవారు, గదబ ఆడవాళ్ళు కెరంగు నార తీసి చీర ఎలా నేసేవారు, థింసా నాట్యంలో ఎవరి పక్కన ఎవరు నిలబడతారు, ఇలాంటివి ఎత్తుకుంటే వాళ్ళే వాదించుకుంటారు. నాకు ఆ వాదనే కావాలి. మాటల పట్టిక తర్వాత చేసుకోవచ్చు, స్వదేశ్ అనే భాషావేత్త తయారుచేసిన వంద మాటల జాబితా అందుకు పనికొస్తుంది. ఒక్కో మాట మూడుసార్లు చెప్పించండి. మొదటిసారి, చివరిసారి రాగం తేడాగా ఉంటుంది, నడిమిదే బాగుంటుంది.

రాసుకోవడానికి తెలుగు లిపి చాలు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో సవర పిల్లల కోసం తెలుగు లిపిలోనే పుస్తకాలు రాశారు. చోంగ్ వాళ్ళు కూడా మహిదోల్ విశ్వవిద్యాలయం వాళ్ళ సాయంతో, పిల్లలకి ముందే వచ్చిన థాయ్ అక్షరాలనే తమ భాషకి తగ్గట్టు మలుచుకుని బడిలో నేర్పారు. గొంతు ఆపే శబ్దానికి ఏదో ఒక గుర్తు పెట్టుకుని, చివరిదాకా అదే వాడండి. ఈలాన్ (ELAN) అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో శబ్దం కింద మాట, దాని కింద తెలుగు అర్థం వరసగా రాసుకోవచ్చు. ఈ పని ఆవిడ పక్కనుండగానే చెయ్యండి. ఆవిడ ఊరెళ్ళిపోయాక సగం మాటలు మీకు అంతుపట్టవు.

ప్రతి రికార్డింగ్‌కీ ఒక చీటీ ఉండాలి: తేదీ, ఊరు, వయసు, భాష పేరు. భాష పేరు దగ్గర "గదబ" అని రాసి వదిలేయకండి. 2011 జనాభా లెక్కల్లో గదబ మాతృభాషగా ఉన్నవాళ్ళు సుమారు 41 వేలు. కానీ ఆ ఒక్క పేరు కిందే ఆస్ట్రో ఏషియాటిక్‌లోని ముండా శాఖకి చెందిన గుతోబ్, ద్రావిడ భాషైన ఓల్లారి రెండూ చెలామణీ అవుతాయి. ఆ అంకె చూసి గుతోబ్‌కి ఢోకా లేదనుకుంటే పొరపాటే. నాకైతే లెక్క కంటే ఇంకో ప్రశ్న ముఖ్యం: ఇంట్లో ఎవరు ఎవరితో ఆ భాషలో మాట్లాడుతున్నారు? యునెస్కో 2003లో భాష పరిస్థితి అంచనాకి తొమ్మిది అంశాలు చెప్పినప్పుడు, మొదట పెట్టింది పెద్దల నుంచి పిల్లలకి భాష అందుతోందా అన్నదే. చీటీలో అది కూడా రాయండి: మామ్మ అమ్మతో మాట్లాడుతుంది, అమ్మ నాతో ఆదివాసీ ఒడియాలో మాట్లాడుతుంది, ఇలా.

చివరగా కాపీలు. లాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఊళ్ళో నమ్మకమైన వాళ్ళ దగ్గర ఒకటి. ఊళ్ళోవాళ్ళు ఫోన్‌లో వినడానికి ఎంపీ3 చేసి ఇవ్వండి, అందులో తప్పు లేదు. అసలు ఫైలు మాత్రం చెరపకండి. పేరు కూడా "న్యూ రికార్డింగ్ 14" అని ఉంచకుండా ఊరు, తేదీ పెట్టి మార్చుకోండి.