మా గినీపిగ్ బెదురు ఇలా తగ్గింది

మిక్సీ వేస్తే చాలు, మా గినీపిగ్ కొయ్యబారిపోయేది. అది మొండితనం కాదు, భయం. వేటకు బలయ్యే జాతి కదా, పైనుంచి చెయ్యి వస్తే దానికి గద్ద వచ్చినట్టే. ముందు పంజరాన్ని వంటింటి పక్కనుంచి పడగ్గది మూలకు మార్చాను. దాక్కోవడానికి రెండు దారులున్న అట్టపెట్టె పెట్టాను. ఒక్క దారే ఉంటే లోపల ఇరుక్కుపోయినట్టు టెన్షన్ పడుతుంది. ఎత్తుకోవడం కొన్నాళ్లు ఆపేసి, రోజూ అదే వేళకు నేలమీద కూర్చుని కొత్తిమీర కాడ పక్కనుంచి అందించేదాన్ని. మొదట్లో వెనక కాళ్లు పెట్టెలోనే ఉంచి, మెడ సాచి, కాడ లాక్కుని లోపలికి పరుగు తీసేది. పళ్లు టకటకలాడిస్తే చెయ్యి వెనక్కి తీసేయాలి, అది కోపం. ఇప్పుడు ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు, కీచుమని పిలుస్తోంది. తిండి మానేస్తే మాత్రం బెదురే అనుకోకండి, ఆ రోజే డాక్టరుకు చూపించండి.