అవుట్‌బ్యాక్ రోడియోలో స్టాల్ – 4వ పాఠం: సరుకు లెక్క, గల్లా లెక్క

ఆస్ట్రేలియా లోపలి మారుమూల ప్రాంతాల్లో (అవుట్‌బ్యాక్) జరిగే రోడియోలో, అంటే ఎద్దులు, గుర్రాల మీద స్వారీ చేసే పోటీల వేడుకలో, స్టాల్ పెట్టడం నేర్చుకుంటున్నాం. పోయిన మూడు పాఠాల్లో ప్రయాణం, టెంటు, సరుకు సర్దడం చూశాం. టెంటు నాలుగు కాళ్లకూ బరువులు కట్టారు. ఎక్స్‌టెన్షన్ వైర్లకు టెస్ట్ చేసినట్టు చూపే ట్యాగులు ఉన్నాయో లేదో చూసుకున్నారు. టీషర్టులు సైజులవారీగా డబ్బాల్లోకి వెళ్లాయి. ఇక గేట్లు తెరుస్తారు, బోణీ అవుతుంది. ఇక్కడి నుంచి ఆదివారం దాకా మీ చేతిలో ఉండాల్సినవి పెన్నూ, అట్టకు క్లిప్ చేసిన కాగితమూ.

లెక్కకు ఒక పాఠమంతా ఎందుకని అనుకోవచ్చు. మనం మొదటి నుంచీ ఉదాహరణగా తీసుకుంటున్న మౌంట్ ఐజా ఎక్కడుందో ఒకసారి గుర్తు చేసుకోండి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రపు వాయవ్య మూలన ఉన్న గనుల ఊరు. అక్కడ రోడియో 1959లో మొదలైంది. తూర్పు తీరంలోని టౌన్స్‌విల్ నుంచి రోడ్డున దాదాపు 900 కిలోమీటర్లు. సిటీలో వారాంతపు సంతలో స్టాల్ పెట్టేవాళ్లు ఏదైనా అయిపోతే రాత్రి ఇంటికెళ్లి ఇంకో పెట్టె తెచ్చుకుంటారు. ఇక్కడ ఆ వీలు లేదు. వ్యాన్లో తెచ్చిందే సరుకు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు శుక్రవారం సాయంత్రం అమ్మకం బాగుందన్న సంతోషంలో లెక్క పెట్టకుండా పడుకున్నాను. శనివారం మధ్యాహ్నం ఒక కుటుంబం వచ్చింది. దూరంగా ఎక్కడో పశువుల స్టేషన్లో పనిచేసేవాళ్లు. అక్కడ స్టేషన్ అంటే రైలు ఆగే చోటు కాదు, వేల ఎకరాల పశువుల మేత భూమి. ముగ్గురు పిల్లలు. ముగ్గురికీ ఒకే రకం షర్టులు కావాలన్నారు. ఇద్దరికి దొరికాయి, చిన్నవాడి సైజు లేదు. నిజానికి ఉంది. ఆ సైజుది ఒకటి పైన కర్రకు తగిలించి ఉంది, అది నా కంటికి ఆనలేదు. సాయంత్రం టెంటు దించుతుంటే చేతికి తగిలింది. ఆ పిల్లాడు అన్నల షర్టుల వంక చూస్తూ వెళ్లిన తీరు నాకింకా గుర్తుంది. అందుకే తగిలించిన షర్టును కూడా కాగితం మీద రాయండి. దానికి విడిగా ఒక గడి పెట్టుకోండి.

సైజుల కాగితం ఇలా వేసుకోండి. ఎడమవైపు సరుకు పేరు, పైన సైజులు. 60 టీషర్టులు తెచ్చారనుకుందాం: ఎస్ 6, ఎమ్ 12, ఎల్ 16, ఎక్సెల్ 14, డబుల్ ఎక్సెల్ 8, త్రిబుల్ ఎక్సెల్ 4. లెక్క ఇద్దరు పెట్టాలి. ఒకరు పైకి చదువుతూ లెక్కపెడితే ఇంకొకరు రాయాలి. పది అయ్యాక పదకొండోది అడ్డంగా పెట్టండి, మళ్లీ పది అయ్యాక నిలువుగా. మధ్యలో ఎవరైనా వచ్చి ధర అడిగినా ఎక్కడ ఆపారో దొంతర చూస్తేనే తెలిసిపోతుంది.

ఈ లెక్క రోజుకు మూడుసార్లు: గేట్లు తెరవకముందు, పొద్దు గుంకేటప్పుడు, మూసేశాక. మధ్యలోది చాలామంది ఎగ్గొడతారు, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. ఆగస్టులో మౌంట్ ఐజాలో పగలు 27 డిగ్రీల దగ్గర ఉంటుంది, రాత్రికి 10కి దిగుతుంది. పగలు పొట్టి చేతుల చొక్కాతో వచ్చినవాళ్లు చీకటి పడ్డాక చేతులు ముడుచుకుని హుడీల కోసం వస్తారు. అంటే ఒకే టేబుల్ మీద పగలొక కొట్టు, రాత్రొక కొట్టు నడుస్తున్నట్టే. రెండింటి లెక్కా కలిపేస్తే రేపు ఏది ముందు పెట్టాలో తెలియదు. సూర్యుడు దిగకముందే హుడీలను ముందు వరుసలోకి తెచ్చేయండి, చలి మొదలయ్యాక అంత తీరిక ఉండదు.

తీరిక దొరికేది ఎద్దుల స్వారీ జరుగుతున్నప్పుడు. రౌతు ఎద్దు మీద 8 సెకన్లు నిలవాలి. ఆ 8 సెకన్ల కోసం జనమంతా అరీనా (పోటీ జరిగే మైదానం) వైపే ఉంటారు, స్టాల్ ముందు ఎవరూ ఉండరు. మైకులో గొంతు పెరిగిందంటే మీరు షర్టులు మడత పెట్టే సమయం వచ్చిందన్నమాట. ఎర్రదుమ్ము దులిపేదీ, ఖాళీ అయిన సైజులు నింపేదీ అప్పుడే. ఈవెంట్ అవగానే గుంపు ఒక్కసారిగా మీ మీదికి వస్తుంది.

ఫెల్ట్ (బొచ్చును అదిమి చేసిన మందపాటి గుడ్డ) టోపీలు అమ్ముతుంటే వాటిని దొంతరగా లెక్కపెట్టొద్దు, ఒక్కోదానికి ఒక నంబరు వేయండి. అక్యూబ్రా అనే ఆస్ట్రేలియా కంపెనీ టోపీల లాంటివి కుందేలు బొచ్చుతో చేసిన ఫెల్ట్, ఖరీదైనవి. ఒక్కటి పోయినా ఆ రోజు లాభం పోయినట్టే. చేత్తో నడినెత్తి నొక్కి పట్టుకుంటే అక్కడ ఆకారం చెడుతుంది. అంచు పట్టుకుని తీసి, కొనేవాళ్లకు కూడా అలాగే అందించండి. టేబుల్ మీద పెట్టేటప్పుడు బోర్లించకండి, వెల్లకిలా పెట్టండి.

ఇప్పుడు గల్లా. పొద్దున 300 డాలర్ల చిల్లరతో మొదలుపెట్టండి: 5 డాలర్ల నోట్లు 20, 10 డాలర్ల నోట్లు 10, 2 డాలర్ల నాణేలు 30, 1 డాలరు నాణేలు 40. ధరలన్నీ 5 డాలర్ల గుణిజాల్లో ఉంటే ఇది సాఫీగా నడుస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు తడబడేది ఒక్కచోట: ఆస్ట్రేలియాలో 2 డాలర్ల నాణెం 1 డాలరు నాణెం కంటే చిన్నది. రెండూ బంగారు రంగే. చేతి అలవాటు పెద్దదాన్ని రెండనుకుంటుంది. ముందురోజు రాత్రి కళ్లు మూసుకుని రెండింటినీ వేళ్లతో గుర్తుపట్టడం సాధన చేయండి, పావుగంట చాలు.

ఎవరైనా నోటు ఇస్తే వెంటనే గల్లాలో వేయకండి. మూత మీద అడ్డంగా పెట్టి, చిల్లర లెక్కపెట్టి ఇచ్చాకే లోపల వేయండి. "నేనిచ్చింది యాభై" అన్న మాటొస్తే నోటు ఇద్దరి కళ్లముందే ఉంటుంది.

కార్డు మెషిన్ సంగతి. వేలమంది ఒకచోట చేరితే సిగ్నల్ నత్తనడక నడుస్తుంది. ఇంకో నెట్‌వర్క్ సిమ్ దగ్గర పెట్టుకోండి. ఆఫ్‌లైన్లో కార్డు తీసుకునే సౌకర్యం కొన్ని మెషిన్లకు ఉంది. కానీ తర్వాత బ్యాంకు తిరస్కరిస్తే ఆ నష్టం మీదే, అందుకని చిన్న వస్తువులకు మాత్రమే దాన్ని వాడండి.

ధరల బోర్డు మీద జీఎస్టీ కలిపిన మొత్తమే రాయాలి, అది చట్టం. అక్కడ పన్ను 10 శాతం, కాబట్టి అమ్మిన ధరను 11తో భాగిస్తే అందులో పన్ను ఎంతో వస్తుంది: 55 డాలర్ల టోపీలో 5 డాలర్లు. అలాగే "డబ్బు వాపసు ఇవ్వం" అన్న బోర్డు పెట్టకూడదు. లోపమున్న వస్తువుకు అలా అనే హక్కు దుకాణానికి లేదు. మనసు మారి తెచ్చినదాన్ని మార్చి ఇవ్వాలా లేదా అన్నది మీ ఇష్టం. ఇస్తే మాత్రం ఆ మార్పిడిని వెంటనే కాగితం మీద ఎక్కించండి.

రాత్రి లెక్క చూద్దాం. చిల్లర 300, నగదు పుస్తకంలో అమ్మకాలు 685. గల్లాలో 985 ఉండాలి. లెక్కపెడితే 955 ఉంది. టెన్షన్ పడకండి, ముందు తేడా ఎంతో చూడండి. 30 తగ్గితే ఎవరో ఇచ్చిన 20 నోటును 50 అనుకుని చిల్లర ఇచ్చి ఉండవచ్చు. 20 ఎరుపు, 50 పసుపు. రాత్రి లైట్ల కింద, గుంపులో అలా జరుగుతుంది. 10 తగ్గితే 10ని 20గా లెక్కగట్టి ఉంటారు. ఒకటో రెండో డాలర్లయితే నాణేలు. తోటి వర్కర్ మీద అనుమానపడేముందు ఈ మూడూ చూడండి. నేను చూసినంతలో కారణం దాదాపు ప్రతిసారీ వీటిలోనే దొరికింది.

యూనివర్సిటీలో చదువుకుంటూ ఈ పనికి వెళ్లే మన పిల్లలు ఇంకో లెక్క కూడా రాసుకోవాలి. 2023 జులై 1 నుంచి స్టూడెంట్ వీసా మీద క్లాసులు జరిగే కాలంలో రెండు వారాలకు 48 గంటలే పని చేయాలి. ఆగస్టు అంటే సెమిస్టర్ మధ్యలో ఉంటారు. నాలుగు రోజులు పదేసి గంటలు నిలబడితే అక్కడికే 40. టెంటు వేసే గంటలూ, దించే గంటలూ కూడా ఆ 48లోకే వస్తాయి. మిగతా ఉద్యోగంలో షిఫ్టులు తగ్గించుకుని, ఓనర్‌కు ముందే చెప్పి మరీ బయల్దేరండి.

అభ్యాసం: హుడీలు పొద్దున 40, పొద్దు గుంకేటప్పటికి 33, మూసేశాక 12. కార్డు మీద 20, నగదుకు 8 అమ్మినట్టు రాసుంది. మొత్తం సరిపోయింది. కానీ ఎల్ సైజు 14 నుంచి 3కు దిగింది, కాగితంలో ఎల్ అమ్మినవి 12. ఎక్సెల్ 12 నుంచి 5కు దిగింది, కాగితంలో 6. ఏం జరిగి ఉంటుంది? చీకటి పడ్డాక ఎన్ని అమ్ముడుపోయాయి? మిగిలిన 12ను రేపు పగలు టేబుల్ మీద పెడతారా, వ్యాన్లో ఉంచుతారా? జవాబు రాసి పెట్టుకోండి. 5వ పాఠంలో దాంతోనే మొదలుపెట్టి, ఆదివారం మిగిలిన సరుకును దుమ్ము పట్టకుండా ప్యాక్ చేయడం దగ్గరికి వెళ్దాం.