పోపుల డబ్బాలో కన్నడం

ఒంగోలులో 33 ఏళ్లు హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పాను. పరీక్షలు దగ్గరపడితే చాలు, "మళ్ళీ చదవండి, ఇంకోసారి చదవండి" అని వాళ్ల ప్రాణం తీసేదాన్ని. రిటైరై, బెంగళూరులో కొడుకు దగ్గరికి వచ్చి, 62వ ఏట కన్నడం మొదలుపెట్టాక గాని ఆ సలహా ఎంత అరకొరదో తెలిసిరాలేదు. ఆ పిల్లలందరినీ ఇప్పుడు వెతికి చెప్పలేను. కొత్తగా ఏదైనా నేర్చుకోవాలని కూర్చునేవారికైనా చెబుదామని ఇది రాస్తున్నాను.

మనవరాలు మూడో తరగతి. స్కూల్లో కన్నడం ఉంది, ఇంట్లో చెప్పేవారు లేరు. ఆ పని నేను నెత్తిన వేసుకున్నాను.

మొదట అందరూ చేసేదే చేశాను. 200 పేజీల నోటుబుక్కు కొని, ఎడమ పక్క తెలుగు మాట, కుడి పక్క కన్నడం మాట, రెండు నెలలు గుండ్రటి దస్తూరీతో నింపాను. రోజూ కాఫీ తాగుతూ పది పేజీలు తిరగేస్తే అన్నీ వచ్చేసినట్టే ఉండేది. ఒకరోజు ఆటోలో మా వీధి మలుపు దగ్గరకు వచ్చేసరికి 'కుడివైపు' అనే మాట నోటికి రాలేదు. ఏ పేజీలో, ఎన్నో వరుసలో రాశానో కళ్లకు కడుతోంది, మాట మాత్రం రాదు. మలుపు దాటిపోయింది. 'బలక్కె' అనాలి. ఎడమవైపైతే ఈ బాధ లేకపోను, వాళ్లకూ అది 'ఎడ'యే.

నోటుబుక్కు ముందుంటే మాటను గుర్తుపడతాం. ఆటోలో నోటుబుక్కు ఉండదు. కాబట్టి సాధన కూడా ఆటోలో ఉన్నట్టే, ఏమీ చూడకుండా జరగాలి. 2006లో రోడిగర్, కార్పికె అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థుల మీద ఇదే పరీక్షించారు. కొందరు ఒక వ్యాసాన్ని రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, రెండోసారి చదవడానికి బదులు గుర్తున్నంతా కాగితం మీద పెట్టారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్లదే కాస్త పైచేయి. వారం తర్వాత అడిగితే వాళ్లకు 42 శాతం గుర్తుంది, రాసి చూసుకున్నవాళ్లకు 56 శాతం. పరీక్షకు ముందురోజు రాత్రి చదివి పాసైన నా విద్యార్థులు సెలవుల తర్వాత సూత్రం అడిగితే నోరెళ్లబెట్టేవారు. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

నోటుబుక్కు అటక మీదకు వెళ్లింది. మూత వదులైన పాత పోపుల డబ్బా కిందకు వచ్చింది. అట్టముక్కలు చిన్నగా కత్తిరించి, ఒకవైపు తెలుగు, రెండోవైపు కన్నడం రాయండి. కొత్త చీటీ ఆవాల గిన్నెలో పడుతుంది, ఆ గిన్నె రోజూ తీయాలి. తెలుగువైపు చూసి కన్నడం పైకి అనాలి, ఆ తర్వాతే తిప్పి చూడాలి. చెప్పగలిగితే చీటీ జీలకర్ర గిన్నెలోకి వెళుతుంది, అది మూడు రోజులకొకసారి. అక్కడా నెగ్గితే మినప్పప్పు గిన్నె, వారానికి. ఆ పైన శనగపప్పు, పక్షానికి. చివరిది మెంతులు, నెలకు. ఎక్కడ తప్పినా చీటీ తిన్నగా ఆవాల్లోకే, దయాదాక్షిణ్యాలు లేవు. ఈ ఏర్పాటు నా సొంతం కాదు. లైట్నర్ అనే జర్మన్ రచయిత 1972లో అరల పెట్టెతో చెప్పాడు. పోపుల డబ్బా మాత్రం నాదే. చీటీలకు ఇంకా కాస్త ఇంగువ వాసన ఉంది.

రోజుకు అయిదు కొత్త చీటీలు మించవద్దు. ఉత్సాహం కొద్దీ ఒకరోజు ముప్పై వేశాను, వారం తిరగకుండా ఆవాల గిన్నె పొంగిపోయి డబ్బా మూత పడలేదు. ఇంకొకటి, మాట రాకపోతే వెంటనే చీటీ తిప్పకండి. పది అంకెలు లెక్కపెట్టేంత సేపు తన్నుకులాడండి. విసుగ్గానే ఉంటుంది. అయినా ఆ తన్నుకులాటలో దొరికిన మాట అంత తొందరగా పోదు.

చీటీలను ఎప్పుడూ ఒకే వరుసలో తీయకూడదు, కలిపేయాలి. మా మనవరాలు ఒందు, ఎరడు, మూరు అని హత్తు దాకా గడగడా చెబుతుంది. ఏడును ఏమంటారే అంటే మళ్ళీ ఒందు నుంచి మెట్లెక్కి రావాలి. మన ఎక్కాలూ ఇంతే కదా, ఏడెనిమిదులు ఎంత అంటే ఏడొకట్ల నుంచి పాడుకుంటూ వచ్చే పెద్దవాళ్లను ఎందరినో చూశాను.

తెలిసినదాన్ని పట్టుకుని తెలియనిదానికి వెళ్లడం మంచి దారే. మన 'ప' కన్నడంలో చాలాచోట్ల 'హ' అవుతుంది. పాలు హాలు, పులి హులి, పాము హావు, పండు హణ్ణు. మన 'వ' చాలాచోట్ల 'బ'. వెన్న బెణ్ణె, వేప బేవు, వెండి బెళ్ళి. ఇది తెలిసిన రోజు సగం భాష చేతికొచ్చిందనుకున్నాను. ఆ ధీమాతోనే కిరాణా కొట్టుకు వెళ్లి "ఒందు కేజి హప్పు కొడి" అన్నాను. ఆయన ఒక క్షణం ఆలోచించి, "హప్పళ ఒందు కేజియా అమ్మా?" అంటూ అప్పడాల కట్టలు ఒకటొకటిగా తక్కెట్లో పేర్చసాగాడు. వాళ్లకు అప్పడం హప్పళ, పప్పు బేళె. నా వెనక నిలబడ్డావిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నా చెవులు వేడెక్కాయి. 'బేళె'కు చీటీ రాయాల్సిన అవసరం నాకు ఈనాటికీ రాలేదు. సూత్రం దొరికితే దాన్ని ధైర్యంగా వాడి చూడండి. ఎక్కడ బెడిసికొడుతుందో అక్కడ పాఠం దానంతటదే వస్తుంది, వెంటనే సరిదిద్దేవారు మాత్రం ఎదురుగా ఉండాలి.

లిపి గురించి ఎక్కువ చెప్పను, మనకు అది తేలిక. తలకట్టు దగ్గర కాస్త తడబడతాం. 'ధర్మ' వంటి మాటల్లో రకారం గుర్తు చివర రావడం చూసి నేను ఆగిపోయాను, తీరా అది మా తాతగారి పాత పుస్తకాల్లోని వలపలగిలకే. చదవడానికి నా బడి బస్టాపు. కొన్ని బస్సుల మీద వెలుగు అక్షరాల్లో ఊరిపేరు ఒకసారి కన్నడంలో, మరోసారి ఇంగ్లిష్‌లో మారుతూ ఉంటుంది. కన్నడం చదివి, ఇంగ్లిష్ వచ్చేలోపు పైకి చెప్పాలి. జవాబు రెండు క్షణాల్లో అక్కడే దొరుకుతుంది. చదవడంలో పడి ఒకటి రెండు బస్సులు వదిలేసుకున్న మాటా నిజమే.

ఇక బెంగళూరులో మన కష్టం ఒకటుంది. మనం తెలుగువాళ్లమని తెలియగానే ఎదుటివారు తెలుగులోకి దిగిపోతారు. మా వీధి చివర పూలమ్మే ఆవిడ తెలుగు చక్కగా మాట్లాడుతుంది. ఆవిడను పట్టుకుని ఒప్పందం చేసుకున్నాను. నాతో "కన్నడదల్లే మాతాడి", అంటే కన్నడంలోనే మాట్లాడండి, నేను తప్పు మాట్లాడితే "తప్పిద్దరె హేళి", తప్పుంటే చెప్పండి. మీకూ ఇలాంటి మనిషి ఒకరు కావాలి. కొడుకూ కోడలూ పనికిరారు, వాళ్లు మన తప్పులను ప్రేమతో దాటేస్తారు.

ఎనిమిది నెలలైంది. మెంతుల గిన్నెలో ఇప్పుడు 400 పైచిలుకు చీటీలున్నాయి. ఒక జంట మాత్రం ఆవాలు దాటి నిలవడం లేదు. 'హేళు' అంటే చెప్పు, 'కేళు' అంటే విను, అడుగు. నిన్న సాయంత్రం మూర మల్లెపూలు కొంటూ ఆవిడకు ఒప్పందం గుర్తుచేయబోయి, "తప్పిద్దరె కేళి" అన్నాను.

"కేళ్తా ఇద్దీని," అంది ఆవిడ దారం తెంపుతూ, "నీవే హేళి."

ఇంటికి రాగానే ఆ రెండు చీటీలూ మళ్ళీ ఆవాల గిన్నెలో వేశాను.