పాత మిల్లులో అతిథి కళాకారుల శిబిరం: నిర్వాహకులకు సూచనలు

వరంగల్, జనగామ, కరీంనగర్ ప్రాంతాల్లో మూతపడిన బియ్యం మిల్లులు, పత్తి జిన్నింగ్ మిల్లులు, గోదాములు ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని కళాకారుల పనిశాలగా మార్చి, బయటి ఊళ్ల నుంచి చిత్రకారులను, శిల్పులను ఆహ్వానించాలనుకునే వారి కోసం ఈ సూచనలు. కొచ్చిలో 2012 నుంచి కళా బినాలేకు, అంటే రెండేళ్లకోసారి తలపెట్టే పెద్ద కళా ప్రదర్శనకు, వేదికగా నిలిచిన ఆస్పిన్‌వాల్ హౌస్ కూడా ఒకప్పుడు సుగంధ ద్రవ్యాల వ్యాపారం సాగిన గోదాముల సముదాయమే. అయితే మిల్లును చూడగానే ప్రదర్శనశాల గుర్తుకు రావడం సహజమైనా, ముందుగా దాన్ని మనుషులు రోజంతా నిలబడి పనిచేసే చోటుగా సిద్ధం చేయాలి. మిగిలిన నిర్ణయాలన్నీ దీన్ని బట్టే తీసుకోవాలి.

అన్నిటికన్నా ముందు పైకప్పును చూడాలి. పాత మిల్లుల కప్పు చాలాచోట్ల సిమెంటు రేకులదే, అందులో ఆస్‌బెస్టాస్ నార కలిసి ఉంటుంది. రేకు చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం ప్రమాదం తక్కువే గాని, దాన్ని కోసినా, రంధ్రం చేసినా, పగలగొట్టినా కంటికి కనబడని నార గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి చేరి, ఏళ్ల తర్వాత కేన్సర్‌కు సైతం కారణం కావచ్చు. కాబట్టి ఏది వేలాడదీయవలసి వచ్చినా కప్పును మోసే ఇనుప చట్రాల (ట్రస్సుల) నుంచే, అదీ ఇంజినీరు బరువు లెక్క చూసి ఒప్పుకున్న తర్వాతే వేలాడదీయాలి. రేకుల మీదికి ఎవరినీ ఎక్కనివ్వరాదు. పాతబడిన రేకు మనిషి బరువుకు ఉన్నట్టుండి విరుగుతుంది.

జిన్నింగ్ మిల్లు అయితే దూలాల మీద, తీగల మీద పేరుకున్న దూది నూగును, బియ్యం మిల్లు అయితే ఊక దుమ్మును పైనుంచి కిందికి పూర్తిగా తీయించాలి, ఎందుకంటే వెల్డింగ్ చేసే శిల్పి చేతి నుంచి ఎగిరిన ఒక్క నిప్పురవ్వ చాలు, అది అంటుకోవడానికి. పావురాల రెట్టను పొడిగా ఊడవకుండా నీళ్లు చల్లి, మాస్కు పెట్టుకొని తీయాలి. యంత్రాలు తొలగించిన చోట మిగిలిన బెల్టు గుంతలను, ఉప్పుడు బియ్యం తయారుచేసే బాయిల్డ్ మిల్లుల్లో వడ్లు నానబెట్టిన తొట్లను మందపాటి ఇనుప పలకలతో మూయించాలి. నూనె ఇంకిన గచ్చు మీద రంపపు పొట్టు చల్లి ఒక రాత్రి ఉంచి ఊడిస్తే జారుడు చాలావరకు తగ్గుతుంది. ఇంత శుభ్రం చేసినా గోడలకు మాత్రం కొత్త సున్నం వేయించవద్దని నా మనవి. హమాలీలు బొగ్గుతో గీసుకున్న బస్తాల లెక్కలు గోడ మీద మిగిలి ఉంటే అవి ఆ భవనపు చరిత్ర. వాటిని చెరిపితే మళ్లీ రావు.

కొన్ని మిల్లుల కప్పు రంపపు పళ్ల ఆకారంలో ఉండి, నిలువు వైపున అద్దాలు ఉంటాయి. ఆ అద్దాలు ఉత్తరానికి తిరిగి ఉంటే చిత్రకారులకు అంతకన్నా మంచి వెలుతురు దొరకదు. అయితే మన అక్షాంశంలో సూర్యుడు మే రెండో వారం నుంచి జూలై చివరిదాకా మధ్యాహ్నం నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు కనుక ఆ రోజుల్లో ఎండ ఆ అద్దాల గుండా కూడా లోపలికి వస్తుంది. ఎండాకాలంలో రేకుల కింద ఉండలేము, వానాకాలంలో రంగు ఆరదు. అందువల్ల నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వరకు శిబిరానికి తగిన కాలం. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి రోజుల్లో జరుగుతుంది. ఆ ఏడాది ఆ వారంలో వరంగల్‌లో గది గానీ వాహనం గానీ దొరకడం కష్టం.

కరెంటు విషయంలో పాత తీగలను నమ్మకుండా కొత్త వైరింగు, ఎర్తింగు వేయించి, మిల్లు పేరిట ఉన్న కనెక్షన్ ఈ వాడకానికి చెల్లుతుందో లేదో విద్యుత్ శాఖ వద్ద ముందే తేల్చుకోవాలి. మరుగుదొడ్లు, తాగునీరు, రెండు వైపులా తెరుచుకునే ద్వారాలు తప్పనిసరి.

ఇక అసలు విషయానికి వస్తే, బయటినుంచి వచ్చిన కళాకారులు తమలో తాము పనిచేసుకొని వెళ్లిపోతే ఆ శిబిరం ఏ ఊళ్లో జరిగినా ఒకటే. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవారు, పెంబర్తిలో ఇత్తడి రేకు మీద నగిషీ కొట్టేవారు, చేర్యాలలో గుడ్డ మీద కథల పటాలు గీసే నకాశీ చిత్రకారులు మనకు అందుబాటులోనే ఉన్నారు. 1934లో వరంగల్‌లో మొదలైన ఆజంజాహి బట్టల మిల్లు మూతపడినా, అందులో పనిచేసిన కార్మికుల కుటుంబాలు నగరంలో ఉన్నాయి. మగ్గం చప్పుళ్ల మధ్య షిఫ్టులు గడిపిన పెద్దలు ఒక సాయంత్రం వచ్చి మాట్లాడితే అతిథులకు మిల్లంటే ఏమిటో తెలుస్తుంది.

స్థానిక కళాకారులను పిలిచేటప్పుడు వారి పని తీరు తెలిసి ఉండాలి. నకాశీ చిత్రానికి ఖద్దరు గుడ్డ మీద చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి పూతలు పూసి, ఒక్కొక్క పూత ఆరాక మరొకటి వేయాలి. చింతగింజలను ముందురోజే నానబెట్టాలి. అందుచేత గంటసేపు వచ్చి చేసి చూపించమని అడగడం ఆ విద్యకు అన్యాయం. పద్మశాలీల కోసం కూనపులివారు మార్కండేయ పురాణం చెప్పేటప్పుడు విప్పే పటాలు ఈ కళ నుంచే వచ్చాయి కనుక, వీలైతే చిత్రకారుడితో పాటు కథకుడినీ పిలిస్తే పటం గోడకు వేలాడే బొమ్మగా మిగిలిపోదు. వారికి అతిథి కళాకారులతో సమానంగా పారితోషికం, ప్రయాణ ఖర్చు, సామాగ్రి ఇవ్వాలి, భోజనానికి అందరినీ ఒకే వరుసలో కూర్చోబెట్టాలి. నా దృష్టిలో పది రోజులకు తగ్గితే ఇద్దరు మనుషులు కలిసి ఒక పని చేయలేరు. కనుక డబ్బు తక్కువగా ఉంటే రోజులు తగ్గించడం కన్నా ఆహ్వానితుల సంఖ్య తగ్గించడమే మేలు.

ఇద్దరు కలిసి చేసిన పని ఎవరి పేరిట ఉండాలి, అమ్ముడైతే డబ్బు ఎలా పంచుకోవాలి, నమూనాను తర్వాత ఎవరు వాడుకోవచ్చు అన్నవి మొదటి రోజే తెలుగులో కాగితం మీద రాసి, చదివి వినిపించి, సంతకాలు తీసుకోవాలి. చివరి రెండు రోజులు చుట్టుపక్కల వాడల వారికి తలుపులు తెరవాలి. ఆ సమయంలో కూడా పని సాగుతూ ఉండాలి. శిబిరం ముగిసిన వారంలోపే పారితోషికాలన్నీ చెల్లించి, ఫొటోల ప్రతులను పాల్గొన్న వారందరికీ పంపి, మిల్లు యజమానికి తాళాలతో పాటు చేయించిన మరమ్మతుల వివరాల జాబితాను అప్పగించాలి.