పెన్ను పగిలేది లేత్ మీద, తప్పు జరిగేది అంతకుముందే

లేత్ (చెక్కని గిరగిరా తిప్పే యంత్రం) మీద చెక్క పెన్ను చేస్తుంటే ఏం పాడైనా ముందు ఉలినే తిట్టుకుంటాం. నా అనుభవంలో సగానికి పైగా తప్పులు డ్రిల్ దగ్గరో, జిగురు దగ్గరో జరిగిపోయి, తర్వాతెప్పుడో బయటపడతాయి. కింద చెప్పేవన్నీ 7 మి.మీ. ఇత్తడి గొట్టాలతో వచ్చే స్లిమ్‌లైన్ కిట్ (పెన్ను లోహపు భాగాల సెట్టు) గురించి. చెక్క ముక్కకి రంధ్రం చేసి, అందులో గొట్టం అతికించి, లేత్‌కి బిగించి ఉలితో చెక్కుతాం. రాజమండ్రి ఎబొనైట్ (గట్టి రబ్బరు) ఇంకు పెన్నుల లెక్క వేరు. వాటిలో గొట్టం ఉండదు, మరలు నేరుగా కడ్డీలోనే కోస్తారు.

ఉలి తగలగానే పెచ్చు ఎగిరిపోతోంది

లేత్ ఆపి, ఊడిన చోట గొట్టాన్ని చూడండి. ఇత్తడి తళతళా మెరుస్తుంటే జిగురు పట్టలేదన్నమాట. ఈసారి గొట్టాన్ని 150 నంబరు శాండ్ పేపర్‌తో గరుకు చేసి, తుడిచి, ఎపాక్సీ రాసి, తిప్పుతూ లోపలికి దూర్చండి. సూపర్ గ్లూతోనూ అతుక్కుంటుంది కానీ, గొట్టం సగం దూరాక బిగుసుకుపోతే ఇక ముందుకీ రాదు, వెనక్కీ రాదు.

గొట్టానికి జిగురు బాగానే అంటి ఉంటే ఉలి మొద్దుబారిందనుకోండి, లేదా ఒకేసారి లోతుగా దించారు. సాన పట్టి, పల్చగా తీయండి. చివర్లోనే పగులుతుంటే డ్రిల్ బిట్ అవతలికి దూసుకొచ్చినప్పుడే అక్కడ చీలిక వచ్చి ఉంటుంది. చెక్క ముక్కని ఒక సెంటీమీటరు పొడుగ్గా కోసుకుని, రంధ్రాన్ని చివరిదాకా పోనివ్వకుండా ఆపి, మిగిలిన కొసని రంపంతో కోసేస్తే ఆ బెడద ఉండదు.

అన్నట్టు, ఎగిరిన పెచ్చు దొరికేదాకా నేల ఊడవకండి. దొరికితే పల్చటి సూపర్ గ్లూతో అతికించి పని కానివ్వచ్చు.

గుండ్రంగా రావట్లేదు

చెక్క, బుష్ (ముక్కకి అటూ ఇటూ ఉండే లోహపు ఉంగరం) కలిసే చోట గోరుతో చుట్టూ గీయండి. ఒక పక్క నున్నగా జారి, అవతలి పక్క మెట్టులా తగిలితే ఇదే రోగం. ముక్కలోంచి దూరి దాన్ని తిప్పే కడ్డీ, అంటే మాండ్రెల్, మందం 6 మి.మీ. చిల్లరే కాబట్టి ఇట్టే వంగుతుంది.

ముందు టెయిల్‌స్టాక్ (లేత్ అవతలి కొసన మాండ్రెల్‌ని నొక్కి పట్టే భాగం) వెనక్కి లాగి, మాండ్రెల్‌ని చేత్తో తిప్పండి. కొస ఊగితే అది వంగిపోయినట్టే, లేదంటే సరిగ్గా కూర్చోలేదు. కొస తిన్నగా ఉండి, టెయిల్‌స్టాక్ నొక్కాక నడుం ఊగితే మీరు మరీ గట్టిగా నొక్కారు. నేను మొదట్లో మాండ్రెల్ కొసనున్న నట్టుని స్పానర్‌తో బిగించేవాణ్ణి. ముక్క జారకుండా ఉండాలంటే వేళ్లతో బిగించింది చాలు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఊగుతుంటే ముక్క కొసలు వాలుగా ఉన్నాయేమో చూడండి. వాలు కొసల్ని బుష్‌ల మధ్య బిగిస్తే మాండ్రెల్ వంగుతుంది. బ్యారెల్ ట్రిమ్మర్‌తో (ముక్క కొసల్ని చదునుగా కోసే పరికరం) చదును చేయండి, కానీ ఇత్తడి సన్నటి ఉంగరంలా మెరవగానే ఆపండి. అక్కడితో ఆపకపోతే గొట్టం పొట్టిదవుతుంది. ఆ ఫలితం రీఫిల్ దగ్గర తెలుస్తుంది.

పాలిష్ తెల్లగా పాలుకారింది

సూపర్ గ్లూతో పాలిష్ వేసేవాళ్లకి వానాకాలంలో ఇదే టెన్షన్. ఓ జులైలో టేకు పెన్ను మీద ఎనిమిది పూతలు వేశాను. సాయంత్రం అద్దంలా ఉంది, పొద్దున చూస్తే మంచుపొర కప్పినట్టుంది. చెక్కలోనో గాలిలోనో తేమ ఉన్నా, కింది పూత ఆరకముందే మందంగా ఇంకోటి వేసినా, త్వరగా ఆరాలని యాక్సిలరేటర్ (జిగురుని తొందరగా గట్టిపరిచే స్ప్రే) ఎక్కువ కొట్టినా ఇలాగే అవుతుంది. పైపైన రుద్దితే పోదు. మబ్బు పట్టిన పొర దాకా గీకేసి, ముక్కని ఒక రోజు ఆరనిచ్చి, పల్చటి పూతలతో మళ్లీ మొదలుపెట్టాలి. పూతని టిష్యూ పేపర్ ముక్కతో రాయండి. నూలు గుడ్డకి ఈ జిగురు తగిలితే వేడెక్కి పొగ వస్తుంది, పైగా తిరిగే లేత్‌లో గుడ్డ చిక్కుకుంటే వేలు పోతుంది.

పూత బుష్‌కి అంటుకుని పెచ్చులూడుతుంటే, ముందే బుష్‌లకి మైనం రాయండి. విప్పేముందు కలిసే చోట చాకుతో గాటు పెట్టండి.

చుట్టూ గీతలు కనిపిస్తున్నాయి

శాండ్ పేపర్ నంబరు మార్చే ముందు ప్రతిసారీ లేత్ ఆపి, పొడుగునా రుద్దండి. వేడి పుట్టేంత నొక్కితే గట్టి చెక్కలో సన్నటి పగుళ్లొస్తాయి.

బిగించేటప్పుడు చెక్క చిట్లింది, లేదా రీఫిల్ సరిగ్గా రావట్లేదు

గొట్టం లోపల ఎండిన జిగురు ఉంటే, లోపలికి దిగే కిట్ భాగం గొట్టాన్ని ఉబ్బించి చెక్కని చీలుస్తుంది. సన్నటి గుండ్రటి ఆకురాయితో గీకేయండి. అసలు జిగురే పోకూడదంటే, అతికించే ముందు గొట్టం కొసని బంగాళాదుంప చక్రంలో గుచ్చండి. ఆ బిరడా తర్వాత సులువుగా వచ్చేస్తుంది.

తిప్పే మెకానిజం (రీఫిల్‌ని బయటికీ లోపలికీ నడిపే భాగం) మరీ లోపలికి దిగినా, ట్రిమ్మర్‌తో గొట్టం అరిగిపోయినా రీఫిల్ ములుకు లోపలికి పోదు. మెకానిజాన్ని కొంచెం నొక్కి, రీఫిల్ పెట్టి, తిప్పి చూసి, మళ్లీ కొంచెం నొక్కండి. ఎక్కువ దిగిపోతే పంచ్‌తో (సన్నటి ఇనుప కడ్డీ) వెనక్కి తట్టాల్సిందే. అప్పుడు నిబ్బు వైపు చెక్క చిట్లకుండా బయటపడటం అదృష్టమే.