వేసవి రక్తదాన శిబిరానికి ముందు టీకా తేదీ చూసుకోండి

ఏప్రిల్, మే నెలల్లో కాలేజీలకు సెలవులు. శిబిరాలు తగ్గి బ్లడ్ బ్యాంకుల్లో నిల్వలు అడుగంటుతాయి. తలసేమియా పిల్లలకు మాత్రం రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. అందుకే ఈ రోజుల్లో ఒక్క దాత వెనుదిరిగినా మనసుకు కష్టంగా ఉంటుంది.

మొన్న ఒక శిబిరంలో ఓ నర్సింగ్ విద్యార్థిని ఫారంలో టీకాల ప్రశ్న దగ్గర ‘లేదు’ అని రాసింది. బీపీ చూడటానికి చొక్కా చేయి పైకి మడిస్తే భుజం మీద గుండ్రటి ప్లాస్టర్! ‘ఇదేమిటమ్మా?’ అంటే, ‘హెపటైటిస్ బి టీకా సార్, నిన్ననే. జబ్బుకు మందు కాదు కదా అని రాయలేదు’ అంది.

హెపటైటిస్ బి అంటే కాలేయానికి సోకే వైరస్ జబ్బు. ఆ టీకా వేసుకున్నందువల్ల ఆ జబ్బు అంటుకోదు. అందులో ఉండేది వైరస్ పైపొరలోని ఒక ప్రొటీను మాత్రమే. హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన షాన్‌వాక్-బి కూడా అలాంటిదే. చిక్కు ఎక్కడంటే, దాత రక్తంలో హెపటైటిస్ బి ఉందేమో చూసే హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష వెతికేదీ ఆ ప్రొటీనునే. టీకా తర్వాత 18 రోజుల వరకు అది రక్తంలో కనబడిన సందర్భాలున్నాయి. టీకాదో వైరస్‌దో ఆ పరీక్ష చెప్పలేదు. పాజిటివ్ వస్తే 350 మిల్లీలీటర్ల రక్తం వృథా, పైగా ఆ ఇంట్లో అనవసరమైన భయం.

అమెరికన్ రెడ్ క్రాస్ 21 రోజులు ఆగమంటుంది. నా మాటగా అయితే నాలుగు వారాలు ఆగండి. మీ బ్లడ్ బ్యాంక్ డాక్టరు ఇంకా ఎక్కువ చెబితే ఆ మాటే వినండి. శిబిరం రేపో ఎల్లుండో ఉంటే ముందు రక్తమిచ్చి, ఆ తర్వాత టీకాకు వెళ్లండి. మొదటి డోసు పడిపోయిందా? రెండోది ఎలాగూ నెలకు. ఆ రోజు ముందు రక్తదానం, తర్వాతే సూది. అయితే వార్డు పనిలో చేరబోయేవారు శిబిరం కోసం టీకాను వాయిదా వేయకండి.

మూడు డోసులు ఎప్పుడో పూర్తయినవారికి ఆ టీకా అడ్డే కాదు. హెపటైటిస్ బి లేదా సి ఉన్నట్లు తేలినవారు మాత్రం ఎప్పటికీ రక్తం ఇవ్వకూడదు.

రోగికి వాడిన సూది గుచ్చుకుంటే ఈ లెక్కలేవీ పనికిరావు. అదే రోజు డాక్టరును కలవాలి. హెపటైటిస్ బి ఇమ్యునోగ్లోబ్యులిన్ (ఆ వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీల సూది) ఇస్తే ఏడాది పాటు రక్తదానం వద్దు. పచ్చబొట్టు పొడిపించుకున్నా అదే గడువు.