పోస్ట్‌డాక్ వెతుకుతున్నారా? ముందు గ్రాంట్లు చూడండి

పీహెచ్‌డీ చివరికొచ్చినవాళ్లు చాలామంది పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) ప్రకటనల కోసమే కాచుకుని కూర్చుంటారు. ప్రకటన బయటికొచ్చేసరికి ఆ ప్రొఫెసర్ మనసులో ఎవరో ఒకరు ఉండటం మామూలే. అందుకే పరిశోధనకు డబ్బు, అంటే గ్రాంట్, ఎవరికి వచ్చిందో ముందే కనిపెట్టండి.

అమెరికాకైతే ఎన్‌ఎస్‌ఎఫ్ అవార్డ్ సెర్చ్, వైద్య పరిశోధనలకు ఎన్‌ఐహెచ్ రిపోర్టర్, యూరప్‌కు కార్డిస్. ఇవన్నీ గ్రాంట్లు ఎవరికి వచ్చాయో చూపించే వెబ్‌సైట్లు, ఉచితమే. మీ టాపిక్ కీవర్డ్ కొట్టి, ఈ మధ్యే మొదలైన ప్రాజెక్టులు ఏరుకోండి. ఎవరికి, ఎంత, ఎప్పటిదాకా అన్నీ అక్కడే ఉంటాయి. ఐదేళ్ల గ్రాంట్ మొదటి ఏడాదిలో ఉందంటే ఆ ల్యాబ్‌కు మనుషులు కావాల్సి ఉండొచ్చు. ఆఖరి ఏడాదిలో ఉంటే ఆశ పెట్టుకోకండి.

మెయిల్ రాసేటప్పుడు ఆ ప్రాజెక్టు సారాంశం చదివి, అందులో మీరు చేయగల పని ఒక్కటి చెప్పండి. పీహెచ్‌డీ ఎప్పుడు పూర్తవుతుందో రాయండి, సీవీ జత చేయండి, అంతే. 'రెస్పెక్టెడ్ సర్' అని మొదలుపెట్టి వందమందికి ఒకే మెయిల్ పంపితే ఎవరూ చదవరు (అవతల ఉన్నది మేడమ్ అయితే మరీ ఘోరం). రెండు వారాల్లో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయొచ్చు.

యూరప్‌లో మేరీ క్యూరీ ఫెలోషిప్‌కు (యూరోపియన్ యూనియన్ పోస్ట్‌డాక్‌లకు ఇచ్చేది) దరఖాస్తు వేస్తుంటే ఒక నిబంధన చూసుకోండి. గడువుకు ముందు 36 నెలల్లో 12 నెలలకు మించి ఉన్న దేశానికి సాధారణంగా దరఖాస్తు కుదరదు. అంటే జర్మనీలో పీహెచ్‌డీ ఇప్పుడే పూర్తయినవాళ్లు డెన్మార్కో, స్పెయినో చూసుకోవాలి.